నకిలీ అనే మాట: అర్థం, పుట్టుక, వాడుక – తరచుగా అడిగే ప్రశ్నలు

నకలు, నకిలీ, దొంగ, బోగస్, డూప్లికేట్, కల్తీ, ఫోర్జరీ. ఈ మాటల మీద అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. భాష మీద ఇష్టంతో అడిగేవాళ్ళు కొందరైతే, ఫిర్యాదు రాస్తూ ఏ మాట పెట్టాలో తెలియక ఆగిపోయినవాళ్ళు ఇంకొందరు. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా పర్వాలేదు, దేని జవాబు దానికే ఉంది.

## ముందు అర్థం సంగతి

నకిలీ అంటే సరిగ్గా ఏంటి? అసలుది కానిదల్లా నకిలీయేనా?

కాదు. ఒకటి ఇంకోదానిలా కనిపించాలి, ఆ పోలికతో ఎదుటివాడిని నమ్మించే ఉద్దేశం కూడా ఉండాలి. రెండూ ఉంటేనే నకిలీ. గిల్టు నగలు, వన్ గ్రామ్ గోల్డ్ గాజులు బంగారంలాగే మెరుస్తాయి గానీ, కొట్టువాడు వాటిని ఫలానా అని చెప్పే అమ్ముతాడు, కొనేవాళ్ళూ తెలిసే కొంటారు, కాబట్టి వాటిని ఎవరూ నకిలీ నగలు అనరు. అవే గాజులను ఎవరైనా బ్యాంకులో బంగారమని చెప్పి కుదువబెట్టి లోన్ తీసుకుంటే మర్నాడు పేపర్లో "నకిలీ బంగారం తాకట్టు" అని వస్తుంది. వస్తువు మారలేదు, దాని గురించి చెప్పిన మాట మారింది.

నకలు, నకిలీ రెండూ ఒకటే కదా?

పుట్టుక ఒకటే, అర్థం వేరు, ఈ తేడాను మాత్రం గట్టిగా పట్టుకోవాలి. నకలు అంటే ప్రతి, కాపీ. తహశీల్దారు ఆఫీసులో పహాణీ నకలు, అడంగల్ నకలు, కోర్టులో తీర్పు నకలు అడుగుతాం, అవి నిజాయితీగా తీసిన ప్రతులు. అది నకలని దాని మీదే ఉంటుంది, అధికారి సంతకం, ముద్ర పడితే ధ్రువీకరించిన నకలు అవుతుంది. నకిలీ అలా కాదు, తాను ప్రతినన్న సంగతి దాచిపెట్టి అసలు తానే అని నిలబడుతుంది. దరఖాస్తులో "నకలు జతపరచడమైనది" అని రాయాల్సిన చోట "నకిలీ జతపరచడమైనది" అని రాసేవాళ్ళు ఉన్నారు. చదివిన గుమస్తాకు అర్థమవుతుంది సరే, కానీ మీ చేత్తో మీరే దొంగ కాగితం పెట్టానని రాసి సంతకం చేసినట్టు అవుతుంది.

నాసిరకం సరుకు వచ్చింది, దాన్ని నకిలీ అనొచ్చా?

అనకూడదు. నాసిరకం అంటే నాణ్యత తక్కువ, తయారుచేసినవాడు నిజంగా ఆ కంపెనీవాడే అయ్యుండొచ్చు. మందుల విషయంలో చట్టమే ఈ గీతలు గీసింది. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టంలో సెక్షన్ 17 లేబుల్‌లో తప్పుడు వివరాలు ఉన్న మందు గురించి, 17ఏ కల్తీ మందు గురించి, 17బి నకిలీ మందు గురించి చెబుతాయి, అంటే ఒకరి పేరుతో ఇంకొకరు తయారుచేసి అమ్మేది 17బి కిందికి వస్తుంది. ఇవి కాక నాణ్యతా ప్రమాణాలను అందుకోని మందుల జాబితా వేరు. వార్తల్లో మాత్రం అన్నిటినీ కలిపి "నకిలీ మందులు" అనేస్తారు, దాంతో మోతాదు కాస్త తగ్గిన బిళ్ళకూ, లోపల సుద్దపొడి నింపిన బిళ్ళకూ చదివేవాళ్ళ దృష్టిలో తేడా లేకుండా పోతోంది. ఇది చిన్న విషయం కాదు. ఒకదాంట్లో జవాబు చెప్పాల్సింది కంపెనీ, రెండోదాంట్లో ఆ కంపెనీ కూడా బాధితురాలే.

## పుట్టుక గురించి

నకిలీ తెలుగు మాటేనా? ఎక్కడి నుంచి వచ్చింది?

మూలం అరబ్బీ. అక్కడ "న-క-ల" అనే మూడక్షరాల ధాతువు ఉంది, దాని నుంచి నక్ల్ అనే నామం పుట్టింది. అది పర్షియన్‌లోకి, అక్కడి నుంచి ఉర్దూలోకి వచ్చి, చివర "ఈ" చేరి నక్లీ అనే విశేషణం అయింది. సర్కార్ నుంచి సర్కారీ వచ్చినట్టే నక్ల్ నుంచి నక్లీ. మనం నక్ల్‌ను నకలుగానూ, నక్లీని నకిలీగానూ తీసుకున్నాం. అలాగని ఇది పరాయి మాట, వాడకూడదు అనుకోవద్దు. వందల ఏళ్ళుగా మన నోట్లో నలిగి, మన ఉచ్చారణకు వంగి, మన విభక్తులు తగిలించుకున్న మాట అది.

అరబ్బీలో కూడా నక్ల్ అంటే మోసమేనా?

అసలు కాదు. అక్కడ దాని అర్థం ఒకచోటి నుంచి మరోచోటికి తరలించడం, చేరవేయడం. అరబ్ దేశాల్లో రవాణా మంత్రిత్వ శాఖ పేరులో ఉండేది ఈ నక్లే. సౌదీలో పనిచేసి వచ్చిన మన కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ వాళ్ళను అడగండి, ఒక యజమాని దగ్గర నుంచి ఇంకో యజమాని దగ్గరికి వీసా మార్చుకోవడాన్ని "నకల్ కఫాలా" అంటారని చెబుతారు. "నాకు నకల్ అయింది" అని అక్కడివాడు ఫోన్‌లో అంటే బదిలీ అయిందని సంతోషంగా చెబుతున్నాడన్నమాట, మోసపోయానని కాదు.

అదే ధాతువుకు మన చుట్టూ ఇంకా పిల్లలున్నారు. నిజాం కాలపు ఉర్దూ దస్తావేజుల్లో చరాస్తిని మన్‌ఖూలా అనేవారు, స్థిరాస్తి గైర్ మన్‌ఖూలా, అంటే కదల్చగలిగేది, కదల్చలేనిది. హైదరాబాద్ ముస్లింల ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పోతే "ఇంతెఖాల్ హో గయా" అంటారు, ఈ లోకం నుంచి ఆ లోకానికి తరలిపోయారని. ఇరాన్‌లో వీరగాథలు అభినయిస్తూ చెప్పే కళ పేరు నక్కాలీ, 2011లో యునెస్కో దాన్ని అత్యవసరంగా కాపాడుకోవాల్సిన వారసత్వ జాబితాలో చేర్చింది. కథను ఒక తరం నుంచి ఇంకో తరానికి మోసుకెళ్ళేవాడు నక్కాల్. ఇంత గౌరవం ఉన్న కుటుంబంలోంచి వచ్చింది మన నకిలీ.

మరి మోసుకెళ్ళడం అనే అర్థం మోసం దాకా ఎలా వచ్చింది?

మెట్టు మెట్టుగా వచ్చింది. వస్తువును చేరవేయడం, ఆ తర్వాత మాటను చేరవేయడం అంటే విన్నది విన్నట్టు చెప్పడం, ఆ తర్వాత రాతను చేరవేయడం అంటే ఒక కాగితం మీదిది ఇంకో కాగితం మీదికి ఎత్తి రాయడం. ఇక్కడి దాకా మచ్చ లేదు. ఎత్తిరాయడం నుంచి అనుకరించడం వచ్చింది, ఉర్దూలో ఒకరి నడక, గొంతు అనుకరిస్తే నకల్ చేశాడంటారు, పరీక్షలో పక్కవాడి పేపర్ చూసి రాసినా నకలే. "నకల్ కొట్టడానికి కూడా అకల్ (తెలివి) కావాలి" అనే సామెత హైదరాబాద్‌లో చదువుకున్న ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు మాస్టారి నోట వినే ఉంటాడు. అనుకరణ నుంచి అసలుది కానిది, అక్కడి నుంచి అసలుదని నమ్మించేది. తెలుగులో గమ్మత్తు ఏమిటంటే ఈ దారిలో రెండు మెట్లను రెండు మాటలుగా విడదీసి దాచుకున్నాం, మచ్చలేని మెట్టు నకలుకు, మచ్చపడ్డ మెట్టు నకిలీకి.

నక్ల్ మన దగ్గర నకలు ఎందుకయింది?

మాట చివర రెండు హల్లులు కలిసి రావడం తెలుగు నోటికి పడదు. మధ్యలో ఒక అచ్చు పెడతాం, చివర ఉకారం పెడతాం. అస్ల్ అసలు అయింది, దఖ్ల్ దఖలు అయింది, ఫస్ల్ ఫసలు అయింది, అదే వరసలో నక్ల్ నకలు. నక్లీకి మాత్రం మధ్యలో ఇకారం చేరింది, చివర ఉన్న "ఈ" ప్రభావం.

అసలు అనే మాట కూడా అరబ్బీదేనా?

అవును, అక్కడ అస్ల్ అంటే వేరు, మూలం. అందుకే అప్పులో వడ్డీ కాకుండా మిగిలే మొత్తాన్ని మనం అసలు అంటాం. అసలు, నకలు జంటగా దస్తావేజుల్లోంచే మనలోకి వచ్చాయి, కానీ అసలు మాత్రం కాగితాల గదిలో ఆగలేదు, "అసలు ఏం జరిగిందంటే", "అసలు రాలేదు" అంటూ మన ప్రతి రెండో వాక్యంలో దూరిపోయింది.

ఇవి తెలుగులోకి ఏ కాలంలో వచ్చుంటాయి?

ఫలానా సంవత్సరం అని చెప్పే మాటలు కావివి, దారి మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. 1518 నుంచి 1687 దాకా గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీల దర్బారు భాష పర్షియన్, కానీ కింద ఊళ్ళలో లెక్కలు రాసే కరణాలది తెలుగు, అందుకే ఫర్మానాలు పర్షియన్, తెలుగు రెండింట్లోనూ ఉండేవి. ఒకే కాగితం మీద రెండు భాషలు పక్కపక్కన ఉన్నప్పుడు ఆఫీసు మాటలు ఇటు దూకకుండా ఎలా ఉంటాయి! దస్తావేజు, రసీదు, జామీను, హామీ, మంజూరు, రద్దు, ఫిర్యాదు, వకీలు అన్నీ ఈ గుంపే. హైదరాబాద్ రాజ్యంలో 1880ల్లో పర్షియన్ స్థానంలోకి ఉర్దూ వచ్చింది. అటు కోస్తా, రాయలసీమ జిల్లాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చినా కచేరీ మాటలు, అంటే సర్కారు ఆఫీసుల మాటలు, మారలేదు. 1854లో సి.పి. బ్రౌన్ తెలుగులో కలిసిన అన్యదేశ్యాలకు, అంటే పరభాషల మాటలకు, ఏకంగా ఒక ప్రత్యేక నిఘంటువే వేయాల్సి వచ్చిందంటే అప్పటికి కోర్టుల్లో, కచేరీల్లో ఇవి ఎంతగా పాతుకుపోయాయో చూడండి.

"మక్కికి మక్కి" దించాడు అంటారు, దానికీ నకలుకీ సంబంధం ఉందా?

మాట పుట్టుకలో లేదు, సందర్భంలో ఉంది. మక్కీ అంటే హిందీ, ఉర్దూల్లో ఈగ. చెప్పుకునే కథ ఇది: ఒక నకలు రాసే గుమస్తాకు ఇచ్చిన అసలు కాగితం మీద ఎప్పుడో ఒక ఈగ నలిగి అతుక్కుపోయి ఉంది. అతను అక్షరం పొల్లుపోకుండా ఎత్తిరాసి, అంతటితో ఆగకుండా ఒక ఈగను పట్టుకుని చంపి, కొత్త కాగితం మీద సరిగ్గా అదే చోట అతికించాడట. "మక్ఖీ పే మక్ఖీ మార్‌నా" అనే జాతీయం అలా పుట్టిందంటారు. మనం దాన్ని మక్కికి మక్కిగా చేసుకుని సినిమా కథల దగ్గర్నుంచి హోంవర్క్ దాకా అన్నిటికీ వాడుతున్నాం. పాపం ఆ గుమస్తా మోసం చేయలేదు, కాబట్టి మక్కికి మక్కి అన్నది నకలుకు తగిన మాట, నకిలీకి కాదు.

ఉర్దూ రాకముందు మనవాళ్ళు నకిలీని ఏమనేవారు? అసలు అప్పట్లో నకిలీలు ఉండేవా?

భేషుగ్గా ఉండేవి. సంస్కృతంలో దీనికి కూట అనే మాట ఉంది. కూటసాక్షి అంటే దొంగ సాక్షి, కూటతుల అంటే మోసపు త్రాసు, కూటరూపం అంటే నకిలీ నాణెం, కూటశాసనం అంటే రాజు పేరుతో సృష్టించిన దొంగ శాసనం. కూటశాసనం సృష్టించేవాడికి మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం మరణశిక్ష చెబుతుంది.

కౌటిల్యుడి అర్థశాస్త్రం నాలుగో అధికరణంలో దొంగ నాణేలు చేసేవాడిని ఎలా గుర్తుపట్టాలో ఉంది, అది చదువుతుంటే ఎవరో సీఐ రాసుకున్న నోట్స్‌లా ఉంటుంది. రకరకాల లోహాలు, క్షారాలు, బొగ్గులు, కొలిమి తిత్తులు, పటకార్లు, సుత్తులు, దాగలి, అచ్చులు, ఉలులు, మూసలు ఎవడు పదే పదే కొంటున్నాడో, ఎవడి చేతులకూ బట్టలకూ మసి, బూడిద, పొగ అంటుకుని ఉన్నాయో వాడిని అనుమానించమంటుంది. ఆ తర్వాత గూఢచారి వాడి దగ్గర శిష్యుడిగా చేరి, నమ్మకం సంపాదించి, బయటపెట్టాలి. దొరికినవాడికి దేశబహిష్కారం.

ఇది పుస్తకాల్లో మాటే అనుకుంటారేమో, హర్షవర్ధనుడి మధుబన్ రాగిరేకు ఉంది, ఏడో శతాబ్దంది. సోమకుండక అనే గ్రామాన్ని వామరథ్యుడు అనే బ్రాహ్మణుడు కూటశాసనం చూపించి అనుభవిస్తున్నాడని, ఆ శాసనాన్ని విరగ్గొట్టించి ఊరిని వేరేవాళ్ళకు దానం చేస్తున్నామని అందులో చెక్కించారు. పద్నాలుగు వందల ఏళ్ళ కిందటి నకిలీ పట్టా కేసు, తీర్పుతో సహా రాగి మీద మిగిలింది.

కూటమికీ కూటసాక్షికీ ఏమైనా సంబంధం ఉందా?

లేదు. పార్టీల కూటమిలో ఉన్నది మన తెలుగు "కూడు", అంటే కలియడం. కూటసాక్షిలో ఉన్నది సంస్కృత కూట, అంటే కపటం. వినడానికి ఒకేలా ఉన్నాయంతే.

## దగ్గరి మాటలతో తకరారు

దొంగ నోటు అనాలా, నకిలీ నోటు అనాలా?

నోటు విషయంలో రెండూ సరే. మాట్లాడేటప్పుడు దొంగ నోటు, రాసేటప్పుడు నకిలీ నోటు ఎక్కువ. కానీ దొంగ అనే విశేషణం పరిధి చాలా పెద్దది, మనుషుల వేషాల్లోకి కూడా వెళుతుంది. దొంగ ఏడుపు, దొంగ నిద్ర, దొంగ దండం, దొంగ సాక్ష్యం అంటాం, నకిలీ నిద్ర అని ఎవరూ అనరు. ఇంకో చిక్కు కూడా ఉంది, దొంగ అన్నప్పుడు ఒక్కోసారి దొంగిలించింది, చాటుగా తెచ్చింది అని అర్థం. దొంగ సొత్తు నకిలీ సొత్తు కాదు, దొంగ బంగారం అంటే నూటికి నూరుపాళ్ళు మేలిమి బంగారమే కావచ్చు, తెచ్చిన దారే దొంగది. అందుకే స్పష్టత కావాల్సిన చోట నకిలీ అనే రాయడం మంచిది.

తమిళులు, మలయాళీలు కూడా దొంగ నోటు అనే అంటారు, వాళ్ళ మాటలో "కళ్ళ నోట్టు", అక్కడ కళ్ళ అంటే దొంగ. ఆ కళ్ళకూ మన "కల్లలాడడం"లోని కల్లకూ వేరు ఒకటే. వాళ్ళ దగ్గర దొంగతనం వైపు వెళ్ళింది, మన దగ్గర అబద్ధం దగ్గర ఆగింది.

బోగస్ ఏ భాష? బోగస్ ఓటు, నకిలీ ఓటు ఒకటేనా?

బోగస్ అమెరికా ఇంగ్లీషు మాట. 1827లో ఒహాయో రాష్ట్రంలోని పెయిన్స్‌విల్ పత్రికలో దొంగ నాణేలు కొట్టే ఒక పరికరానికి పేరుగా కనిపిస్తుంది, తర్వాత ఆ నాణేలకు, ఆ తర్వాత ప్రతి దొంగ వస్తువుకు పాకింది.

మన వాడుకలో బోగస్‌కు ఒక ప్రత్యేకమైన పని ఉంది, దాన్ని చెడగొట్టుకోకూడదనే నా కోరిక. బోగస్ రేషన్ కార్డు తరచుగా ప్రభుత్వం అచ్చువేసిన కార్డే, ముద్ర నిజం, నంబరు నిజం, కానీ దాని మీద ఉన్న మనిషి లేడు, లేదా చనిపోయాడు, లేదా అర్హత లేదు. నకిలీ రేషన్ కార్డు అంటే ఎవడో ఇంట్లో కూర్చుని ప్రింటర్ మీద తీసింది. బోగస్ పింఛను, బోగస్ ఓటు, బోగస్ మస్టర్ అన్నిట్లోనూ ఇదే తీరు: కాగితం అసలుదే, కాగితం వెనక ఉండాల్సిన నిజం లేదు. ఇంత చక్కగా తేడా చూపే మాట చేతిలో ఉండగా రెండింటినీ కలిపేయడం ఎందుకు?

ఫోర్జరీ అంటే సంతకం దొంగగా పెట్టడమేనా?

మన మాటల్లో అలా స్థిరపడింది, ఫోర్జరీ అనగానే సంతకమే గుర్తొస్తుంది. ఇంగ్లీషులో ఫోర్జ్ అంటే కమ్మరి కొలిమి, ఇనుమును కాల్చి సాగగొట్టి ఆకారం తెచ్చే పని, అక్కడి నుంచి లేనిదాన్ని తయారుచేసి పెట్టడం అనే అర్థం వచ్చింది. చట్టంలో దాని పరిధి చాలా పెద్దది, తప్పుడు పత్రం సృష్టించినా, ఉన్న పత్రంలో అంకె దిద్దినా, తేదీ మార్చినా ఫోర్జరీ కావచ్చు, మోసం చేసే ఉద్దేశం ఉంటే చాలు. హిందీ చట్ట పాఠంలో దీనికి కూటరచన అనే మాట వాడారు, పాత కూట అక్కడ ఇంకా బతికే ఉంది.

డూప్లికేట్ తాళం, డూప్లికేట్ బూట్లు. రెండు చోట్లా ఒకే అర్థమా?

పూర్తిగా వేర్వేరు. డూప్లికేట్ తాళం చెవి, డూప్లికేట్ మార్కుల మెమో న్యాయమైనవే, అసలుది పోతే ఇచ్చే రెండో ప్రతి. డూప్లికేట్ బూట్లు, డూప్లికేట్ చార్జర్ అంటే బ్రాండ్ పేరు దొంగిలించిన సరుకు. బజారులో ఈ మాట నకిలీకి పర్యాయపదం, ఆఫీసులో నకలుకు పర్యాయపదం. బోర్డు ఇచ్చిన మెమో గురించి చెప్పేటప్పుడు "బోర్డు జారీచేసిన డూప్లికేట్ మెమో" అని ఎవరు ఇచ్చారో కూడా కలిపి రాయండి, లేకపోతే విదేశీ చదువుల దరఖాస్తుల్లో అనవసరమైన టెన్షన్.

కల్తీకి, నకిలీకి తేడా ఎలా గుర్తుపెట్టుకోవాలి?

కల్తీలో అసలుది కొంతైనా ఉంటుంది, ఇంకేదో కలుస్తుంది. పాలల్లో నీళ్ళు, కారంలో రంగు, పెట్రోల్‌లో కిరోసిన్. పాలే లేకుండా పొడి, నూనె, సబ్బు కలిపి తెల్లగా చేస్తే అది నకిలీ పాలు.

నకిలీ విత్తనాలు అంటారు, మొలకెత్తాయి కదా, మరి నకిలీ ఎలా అవుతాయి?

పత్తి రైతులు ప్రతి వానాకాలం అడిగే ప్రశ్న ఇది, న్యాయమైన ప్రశ్న కూడా. ఈ ఒక్క మాట కింద మూడు వేర్వేరు సంగతులు నడుస్తున్నాయి. మొదటిది అక్షరాలా నకిలీ: మామూలు గింజలకు రంగు పూసి, పేరున్న కంపెనీ ప్యాకెట్‌ను పోలిన సంచిలో నింపి అమ్మేది. రెండోది నాసిరకం: కంపెనీ నిజమే, ప్యాకెట్ నిజమే, కానీ గడువు దాటిపోయింది, మొలక శాతం పడిపోయింది. మూడోది అనుమతి లేనిది: కలుపు మందును తట్టుకునే పత్తి, ఊళ్ళల్లో బీజీ త్రీ అని పిలిచేది. మన దేశంలో బీటీ పత్తికి 2002లో, దాని రెండో తరానికి 2006లో అనుమతి వచ్చింది, కలుపు మందును తట్టుకునే రకానికి అనుమతి లేదు. అది మొలుస్తుంది, కాస్తుంది, గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొట్టినా నిలబడుతుంది, అయినా అమ్మడం నేరం. లూజుగా, బిల్లు లేకుండా అమ్ముతారు కాబట్టి లోపల చెప్పిన రకమే ఉందన్న గ్యారంటీ కూడా లేదు, పంట పోతే అడగడానికి ఎవరూ ఉండరు.

అధికారులు మూడింటినీ నకిలీ అనే ఒకే గాటన కట్టేస్తే, రైతు మాత్రం "నాకు మొలిచింది, వీళ్ళు నకిలీ అంటున్నారు" అని వాళ్ళ మాట నమ్మడం మానేస్తాడు. అనుమతి లేని విత్తనం అని సూటిగా చెబితే ఎందుకు వద్దో కూడా వివరించొచ్చు. విత్తనం ఏదైనా సరే, బిల్లు, ఖాళీ ప్యాకెట్, దాని ట్యాగ్, గుప్పెడు గింజలు పంట చేతికొచ్చేదాకా దాచండి.

## ఫిర్యాదు, కోర్టు, బ్యాంకు దాకా వెళ్ళినప్పుడు

అచ్చం అసలులా లేదు, చూడగానే తెలిసిపోతోంది. అయినా నకిలీయే అంటారా?

అంటారు. చట్టం పోలిక ఎంత బాగుందని చూడదు. పోలిక అచ్చు గుద్దినట్టు ఉండనక్కరలేదని, ఆ పోలికతో మోసం చేసే ఉద్దేశం ఉంటే చాలని 1860 నాటి శిక్షాస్మృతిలోనే రాసి ఉంది, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అదే నిర్వచనం కొనసాగింది.

తిరగేసి చూసినా ఇదే సూత్రం. అబ్దుల్ కరీం తెల్గీ నకిలీ స్టాంపు కాగితాల కుంభకోణంలో, నాసిక్ ముద్రణాలయం వదిలించుకున్న యంత్రాలనే సంపాదించి అచ్చువేశాడని బయటపడింది. యంత్రం అసలుదైనా స్టాంపు నకిలీయే, అచ్చువేసే అధికారం అతనికి లేదు కాబట్టి.

నా పేరు, నా సంతకం నేనే పెట్టాను, అది కూడా ఫోర్జరీ అవుతుందా?

అవ్వొచ్చు. చట్టంలోనే ఉదాహరణ ఇచ్చారు: అదే పేరున్న ఇంకొకరు రాసిన పత్రమని నమ్మించడానికి తన పేరే సంతకం చేసినా ఫోర్జరీయే. మన ఊళ్ళల్లో తాత పేర్లు మనవలకు పెడతారు, ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్ళు వీధికి ఇద్దరుంటారు, కాబట్టి పొలం పత్రాల్లో తండ్రి పేరు, ఆధార్ వివరాలు సరిచూడమని లాయర్లు పట్టుబట్టేది ఊరికే కాదు.

ఇంకో ఉదాహరణ మన భూముల గొడవలకు సరిగ్గా అతుకుతుంది. ఒకడు తన భూమిని మీకు అమ్మాడు. ఆ తర్వాత మిమ్మల్ని దెబ్బకొట్టడానికి అదే భూమిని ఇంకొకడికి అమ్మినట్టు ఆరు నెలలు ముందు తేదీ వేసి కాగితం రాశాడు. అందులో సంతకం అతనిదే, భూమి ఒకప్పుడు అతనిదే, అయినా అది ఫోర్జరీ అని చట్టం స్పష్టంగా చెబుతుంది.

పోలీసు ఫిర్యాదులో నకిలీ, ఫోర్జరీ, మోసం... ఏ మాట రాయాలి?

పేరు పెట్టే తొందర వద్దు, జరిగింది రాయండి. "ఫలానా తేదీ దస్తావేజు మీద ఉన్న సంతకం నాది కాదు, ఆ రోజు నేను ఊళ్ళో లేను" అని రాస్తే ఏ సెక్షన్ వర్తిస్తుందో చూసుకోవడం వాళ్ళ పని. న్యాయ సంహితలో తప్పుడు పత్రం సృష్టించడం 335, ఫోర్జరీ 336, ఆస్తి పత్రాలు, వీలునామాల ఫోర్జరీ 338, ఫోర్జరీ అని తెలిసీ ఆ పత్రాన్ని అసలుదిగా వాడడం 340. సృష్టించినవాడు ఒకడు, వాడినవాడు ఇంకొకడు కావచ్చు, అందుకే ఆ పత్రం ఎవరు చూపించారు, ఎక్కడ చూపించారు, మీకెప్పుడు తెలిసింది అన్న మూడు సంగతులూ విడిగా రాయండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ, అంటే సీసీ తీసి జతపరచండి, జతపరిచిన దాన్ని నకలు అనే రాయండి.

ఫోర్ ట్వంటీ అంటే ఇప్పటికీ అదే సెక్షనా?

నోట్లో అదే ఉంది, చట్టంలో మారింది. పాత శిక్షాస్మృతి 420 ఇప్పుడు న్యాయ సంహితలో 318(4).

ఏటీఎంలోనో, బేరంలోనో నకిలీ నోటు వచ్చింది. బ్యాంకుకు తీసుకెళితే నన్నే పట్టుకుంటారా?

తెలియక వచ్చిన ఒకటి రెండు నోట్లకు భయపడక్కర్లేదు. బ్యాంకు ఆ నోటు మీద నకిలీ అని ముద్ర వేసి తన దగ్గరే ఉంచుకుంటుంది, మీకు రసీదు ఇవ్వాలి, రసీదు అడిగి తీసుకోండి. డబ్బు మాత్రం వెనక్కి రాదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఒకే లావాదేవీలో నాలుగు నోట్ల దాకా అయితే నెలకోసారి పోలీసులకు పంపే నివేదికలో కలుపుతారు, ఐదు, అంతకన్నా ఎక్కువైతే ఎఫ్ఐఆర్ కోసం వెంటనే పోలీసులకు పంపిస్తారు. చేయకూడని పని ఒకటే, నష్టం ఎందుకని ఆ నోటును సంతలో ఇంకొకరికి అంటగట్టడం. తెలిసి చలామణి చేస్తే న్యాయ సంహిత సెక్షన్ 179, దానికి యావజ్జీవం దాకా శిక్ష ఉంది, తయారుచేసినవాడికి 178 కింద ఉన్నదీ అంతే.

నకిలీయా, నఖిలీయా? బహువచనం ఏంటి?

నకిలీ. ఒత్తు అక్కర్లేదు, అరబ్బీలో ఉన్న గొంతు లోపలి శబ్దం మన "క"లో కలిసిపోయింది. బహువచనం నకిలీలు. నకలుకు బహువచనం నకళ్ళు, "రెండు నకళ్ళు కావాలి" అని దరఖాస్తులో నిస్సంకోచంగా రాయొచ్చు.